ఇంటర్‌ఫేస్ – క్లాసు : ఛందోలక్షణ నిరూపణమున వాని వినియోగము

ప్రాచీన కావ్యములను పరిష్కరించువారికి ఛందస్సు ఒక తూనిక వంటిది. తాళపత్ర ప్రతులలో ఒకే పాదమునకు రెండు పాఠములు కనబడినప్పుడు, గణభంగమునో యతిభంగమునో కలిగించు పాఠమును పరిష్కర్త మొదట అనుమానించును. ఈ తూనికపనిని కంప్యూటరునకు అప్పగించు ప్రయత్నములు ఇటీవలి దశాబ్దములలో పెరిగినవి. పద్యమును టైపు చేసిన వెంటనే గురులఘువులను గుర్తించి, గణములను విడదీసి, యతిప్రాసలను చూపు ప్రోగ్రాములు నేడు విద్యార్థులకు అందుబాటులో ఉన్నవి. అట్టి ప్రోగ్రాము నిర్దుష్టమైన పద్యమును దోషయుక్తమని చెప్పినచో, అనుభవము చాలని పరిష్కర్త మంచి పాఠమును దిద్ది చెడగొట్టు ప్రమాదము కలదు. ఇట్టి పొరపాట్లు చాలవరకు లెక్కలో జరుగునవి కావు. లక్షణమును విభజించుకొన్న తీరులోనే అవి పుట్టుచున్నవి. ఆ విభజనకు నేటి ప్రోగ్రామింగు భాషలు ఇచ్చు ముఖ్యసాధనములు రెండు: ఒకటి క్లాసు, రెండవది ఇంటర్‌ఫేస్. ఈ రెండింటి సంబంధము కంప్యూటరు పాఠ్యగ్రంథములలో సాధారణముగా వాహనముల, జంతువుల ఉదాహరణములతో చెప్పబడుచున్నది. ఛందశ్శాస్త్రము తెలిసినవారికి అంతకంటె మేలైన ఉదాహరణము చేతిలోనే కలదు.

ముందుగా పరిభాషను గూర్చి ఒక మాట. ‘క్లాసు’ అను దానిని వర్గమని, ‘ఆబ్జెక్టు’ అను దానిని వస్తువని చెప్పుకొనుటలో చిక్కు లేదు. ‘ఇంటర్‌ఫేస్’ అను మాటను ‘అంతర్ముఖము’ అని అనువదించినచో, లోచూపు అను అర్థము స్ఫురించి పాఠకుడు పెడదారి పట్టును. ఆ మాటకు అసలు భావము వేరు. ఒక వస్తువు బయటివారికి చూపు ముఖము, వారితో చేసికొన్న ఒడంబడిక అని దాని తాత్పర్యము. సరియైన తెలుగుమాట స్థిరపడువరకు ఇంటర్‌ఫేస్ అనియే వ్యవహరించుట మేలు.

క్లాసు అను భావన నార్వే దేశమున పుట్టినది. ఓస్లో నగరమందలి నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటరులో ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ అను ఇరువురు రూపొందించిన సిములా 67 అను భాషలో క్లాసు, ఆబ్జెక్టు, ఒక క్లాసునుండి మరియొక క్లాసు లక్షణములను పొందుట అను మూడును మొదటిసారి ఒకచోట కనబడినవి. క్లాసు అనగా ఒక జాతి వస్తువులన్నింటికిని సామాన్యమైన నిర్మాణవివరణ. వస్తువు లోపల ఏయే సమాచారము ఉండవలెనో, దానిని అడిగినప్పుడు ఏయే పనులు ఎట్లు చేయవలెనో అందు చెప్పబడును. ఉదాహరణమునకు ‘వృత్తము’ అను క్లాసును గ్రహింపవచ్చును. దాని లోపల గణముల వరుస, యతిస్థానము ఉండును. పాదమును ఇచ్చినచో గణములు సరిపోయినవో లేదో చెప్పు క్రియయు ఉండును. భ ర న భ భ ర వ అను గణములను, పదవ అక్షరము యతిస్థానమనియు ఇచ్చినచో ఉత్పలమాల అను వస్తువు ఏర్పడును. న జ భ జ జ జ ర అను గణములను, పదునొకండవ అక్షరమును ఇచ్చినచో చంపకమాల ఏర్పడును.

క్రొత్తగా నేర్చుకొనువారు ఉత్పలమాల కొక క్లాసు, చంపకమాల కొక క్లాసు, శార్దూలమున కొక క్లాసు వ్రాయుట తరచుగా జరుగుచున్నది. ఇది అనవసరము. ఈ వృత్తములన్నింటిని పరీక్షించు పద్ధతి ఒక్కటియే. భేదమెల్ల సమాచారమునందే కాని ప్రక్రియయందు లేదు. ప్రక్రియ వేరైనప్పుడే క్లాసు వేరు కావలెను. ఇక్కడ ఉత్పలమాల జాతియా వ్యక్తియా అను ప్రశ్న సహజముగా కలుగును. కవి వ్రాసిన ఒక్కొక్క పద్యమును బట్టి చూచినచో అది జాతి. వృత్తమను సామాన్యమును బట్టి చూచినచో వ్యక్తి. పదమునకు అర్థము ఆకృతి అని వాజప్యాయనుడును, ద్రవ్యమని వ్యాడియు చెప్పిన వివాదమును ఎరిగినవారికి ఈ సందేహము క్రొత్తది కాదు. ప్రోగ్రాము వ్రాయువాడు ఆ వివాదమును తీర్పవలసిన పని లేదు. తన ప్రోగ్రాము ఏ మెట్టున నిలిచి ప్రశ్నించుచున్నదో నిర్ణయించుకొన్నచో చాలును.

ఒక క్లాసు మరియొక క్లాసుయొక్క లక్షణములను పొందుటకు వారసత్వమని పేరు. జావా భాషలో దీనికి ‘ఎక్స్‌టెండ్స్’ అను కీలకపదము వాడుదురు. తల్లి క్లాసులో చెప్పిన క్రియను పిల్ల క్లాసు అట్లే ఉంచుకొనవచ్చును, తనకు తగినట్లు మార్చుకొనవచ్చును. ఉత్సర్గమును అపవాదము బాధించునట్లు, పిల్ల క్లాసులోని క్రియ తల్లి క్లాసులోని క్రియను బాధించును. ఈ సౌకర్యము మిక్కిలి ఆకర్షణీయమైనది. అందువలననే దానితో చేయు తప్పులును ఎక్కువ.

ఉత్పలమాల పాదములోని మొదటి గురువును రెండు లఘువులుగా విడదీసినచో చంపకమాల పాదము వచ్చును. అట్లే శార్దూలములోని మొదటి గురువును విడదీసినచో మత్తేభము వచ్చును. యతిస్థానము సహితము ఒక్కొక్క అక్షరము ముందునకు జరుగును: పది పదునొకండగును, పదుమూడు పదునాలుగగును. ఈ సంబంధమును చూచి చంపకమాలను ఉత్పలమాలకు వారసురాలిగా వ్రాయవలెనను కోరిక పుట్టును. ఉత్పత్తిని చూచినచో ఇది బాగుగనే ఉన్నది. కాని ఉత్పలమాల కావలసిన చోట చంపకమాలను ఉంచవచ్చునా? ఇరువది అక్షరముల పాదమును ఆశించు ప్రోగ్రామునకు ఇరువదియొక అక్షరముల పాదము వచ్చిపడును. బార్బరా లిస్కోవ్ అను అమెరికా దేశపు శాస్త్రవేత్త్రి 1987లో ఒక ప్రసంగమునందును, 1994లో జెనెట్ వింగ్‌తో కలిసి వ్రాసిన వ్యాసమునందును ఈ విషయమునే విచారించెను. తల్లి క్లాసు వస్తువు ఉండవలసిన ప్రతి చోటను పిల్ల క్లాసు వస్తువును ఉంచినను, వాడుకొను ప్రోగ్రామునకు ఏ భంగమును కలుగరాదు. అట్లు కానిచో అది వారసత్వమనిపించుకొనదు. జన్యజనక సంబంధము వేరు, స్థానాపత్తికి అర్హత వేరు.

వృత్తముల వరకు వారసత్వముతోనో, అది లేకయో పని జరుగును. చిక్కెల్ల జాతి, ఉపజాతులు వచ్చినప్పుడు మొదలగును. కందము అక్షరగణముల పద్యము కాదు. గగ, భ, జ, స, నల అను నాలుగు మాత్రల గణములతో అది నడచును. ఒకటి మూడు పాదములకు మూడేసి, రెండు నాలుగు పాదములకు ఐదేసి గణములు. బేసిగణము జగణము కారాదు. అర్ధమునందలి ఆరవ గణము జగణమో నలమో కావలెను. అర్ధము చివర గురువు ఉండవలెను. వృత్తమను క్లాసునకు దీనితో పోలిక లేదు. ఆటవెలది, తేటగీతి, సీసము సూర్యేంద్రగణములతో నడచునవి. వీని ప్రక్రియ మూడవ రకమైనది. ఇక్కడ ఒక విశేషము గమనింపదగినది. నగ, సల, నల, భ, ర, త అను ఆరు ఇంద్రగణములలో ఏదియు మరియొకదానికి ఆరంభభాగము కాదు. న, హ అను రెండు సూర్యగణములును అట్టివే. కావున ఏ స్థానమున సూర్యగణము, ఏ స్థానమున ఇంద్రగణము అని తెలిసిన పిమ్మట పాదమును విడదీయు మార్గము ఒక్కటియే ఉండును. కంప్యూటరు వెనుకకు వచ్చి మరల మరల ప్రయత్నింపనక్కరలేదు. గణములను కూర్చిన పూర్వులు యంత్రమును ఊహింపలేదు గాని, చెవికి సందేహము కలుగని కూర్పు యంత్రమునకును సందేహము కలిగింపలేదు.

ఇప్పుడు ప్రాసను చూడవలెను. వృత్తములకు ప్రాసనియమము కలదు, కందమునకును కలదు. ఆటవెలది, తేటగీతి, సీసములకు లేదు. గణస్వరూపమును బట్టి చూచినచో కందమును వృత్తమును ఒక కుదురునకు చేరవు. ప్రాసను బట్టి చూచినచో రెండును ఒక పంక్తిలో కూర్చుండును. యతిని బట్టి చూచినచో పంక్తులు మరల మారును, గీతులలో ప్రాసయతి చెల్లును కనుక. ఒకే వంశవృక్షమును గీసి అన్నింటిని అందు ఇమిడ్చవలెనన్నచో ఏదో యొక కొమ్మను విరువక తప్పదు. వారసత్వమునకు గల హద్దు ఇదియే. ఇంటర్‌ఫేస్ అవసరమగునదియు ఇక్కడనే.

ఇంటర్‌ఫేస్‌లో నిర్మాణవివరణ ఉండదు. ఏయే క్రియలు చేయగలిగి ఉండవలెనో వాని పేర్లు, వానికి ఇవ్వవలసిన వస్తువుల రకము, అవి తిరిగి ఇచ్చు ఫలముయొక్క రకము మాత్రమే ఉండును. ‘ప్రాసబద్ధము’ అను ఇంటర్‌ఫేస్‌లో ‘నాలుగు పాదములను తీసికొని ప్రాస కుదిరినదో లేదో చెప్పు క్రియ’ అని యుండును. ఎట్లు చెప్పవలెనో ఉండదు. వృత్తము, కందము అను క్లాసులు ‘ప్రాసబద్ధము’ను తాము నెరవేర్చుచున్నామని ‘ఇంప్లిమెంట్స్’ అను పదముతో ప్రకటించును. జావా భాష యూనికోడ్ అక్షరములను అంగీకరించును గాన ఈ పేర్లను తెలుగు లిపిలోనే వ్రాయవచ్చును. కీలకపదములు మాత్రము ఆంగ్లమే. ప్రకటించిన తరువాత ఆ క్రియను వ్రాయుట మరచినచో కంపైలర్ ఆ ప్రోగ్రామును అంగీకరింపదు. ఒక క్లాసునకు తల్లి ఒక్కటియే కావలెనని 1995లో వెలువడిన జావా నిర్ణయించినది, కాని ఎన్ని ఇంటర్‌ఫేసులనైనను నెరవేర్చుటకు అనుమతించినది. ఈ ఏర్పాటునకు ఆబ్జెక్టివ్-సి భాషలోని ప్రోటోకాల్ అనునది మాదిరి.

కంపైలర్ చేయు పరీక్ష ఎంతవరకో తెలిసికొనుట ముఖ్యము. క్రియ పేరు, ఇచ్చిపుచ్చుకొను రకములు సరిపోయినవో లేదో అది చూచును. క్రియ నిజము చెప్పుచున్నదో లేదో చూడదు. ఏ పాదము నిచ్చినను ‘ప్రాస కుదిరినది’ అని సమాధానమిచ్చు క్లాసును కంపైలర్ సంతోషముగా స్వీకరించును. ప్రాసకు పూర్వమున్న అక్షరము నాలుగు పాదములలోను గురువైనచో గురువు, లఘువైనచో లఘువు కావలెనను నియమమును విస్మరించిన క్లాసును సహితము స్వీకరించును. ఇంటర్‌ఫేస్ అడిగినది శబ్దమాత్రమున ఇచ్చుట వేరు, అర్థమున ఇచ్చుట వేరు. ఆ రెండవదానిని నిర్ణయించుటకు లక్ష్యములు కావలెను, లక్ష్యములను ఎరిగిన పండితుడు కావలెను. ప్రోగ్రామరు ఒక్కడే కూర్చుండి చేయదగిన పని ఇది కాదు.

ఇంటర్‌ఫేస్‌ను నిర్మించుట నిజమునకు లక్షణము చెప్పుటయే. అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవము అను మూడు దోషములను పరిహరింపవలెనను నైయాయికుల మాట ఇక్కడ అక్షరాల వర్తించును. యతిని ఉదాహరణముగా గ్రహింపవచ్చును. వృత్తములను మాత్రము దృష్టిలో ఉంచుకొన్నవాడు ‘యతిస్థానము’ అను క్రియను ఒక సంఖ్యను ఇచ్చునట్లు ప్రకటించును. ఉత్పలమాల పది అనును, శార్దూలము పదుమూడు అనును, పని సాగును. తరువాత స్రగ్ధర వచ్చును. దానికి యతిస్థానములు రెండు, ఎనిమిది మరియు పదునైదు. ఒక సంఖ్యలో రెండు సంఖ్యలు పట్టవు. తరువాత కందము వచ్చును. దాని ఒకటి మూడు పాదములకు యతియే లేదు. ప్రోగ్రామరు సున్న అని వ్రాసినచో, వాడుకొను ప్రోగ్రాము సున్నయవ అక్షరమును వెదకి తికమకపడును, లేదా ఆ పాదమునకు యతిభంగమని ప్రకటించును. తరువాత ఆటవెలది వచ్చును. దానికి నాలుగవ గణముయొక్క మొదటి అక్షరము యతిస్థానము. ముందున్న మూడు గణములు ఎన్నేసి అక్షరములవో తెలిసిన గాని అది ఎన్నవ అక్షరమో తెలియదు. కావున పాదమును చూడక సంఖ్య చెప్పుట అసంభవము. చివరకు సీసము. పాదమునకు ఆరు ఇంద్రగణములు, రెండు సూర్యగణములు. మొదటి గణమునకు మూడవ గణముతోను, ఐదవ గణమునకు ఏడవ గణముతోను మైత్రి. ఇక్కడ రెండవ జంట పాదాది అక్షరముతో మొదలు కాదు.

ఇన్నింటిని చూచిన పిమ్మట ‘పాదమును, అది ఎన్నవ పాదమో తెలుపు సంఖ్యను తీసికొని, మైత్రి ఉండవలసిన స్థానముల జంటలను పట్టికగా ఇచ్చు క్రియ’ అని ప్రకటన మారును. యతి లేని పాదమునకు శూన్యమైన పట్టిక వచ్చును. వృత్తమునకు ఒక జంట, స్రగ్ధరకు, సీసమునకు రెండేసి జంటలు. ఈ రూపము అందరికిని సరిపోవును. మొదటి రూపము వృత్తములకు మాత్రము చాలునది. దానిని అన్ని పద్యములకు ఇంటర్‌ఫేస్‌గా నిలుపుట అవ్యాప్తి. ఆ దోషముతో కూడిన ప్రోగ్రాము కందపద్యములన్నింటను యతిభంగము చూపుచుండగా, దానిని నమ్మి పద్యములను దిద్దుటకు పూనుకొన్నచో కలుగు నష్టము సామాన్యమైనది కాదు.

ఎక్కువ కోరుటవలన కలుగు దోషము మరియొక విధమైనది. యతిని, ప్రాసను కలిపి ‘పద్యలక్షణము’ అను ఒకే ఇంటర్‌ఫేస్‌లో పెట్టినచో ఆటవెలది సహితము ప్రాసపరీక్షను వ్రాయవలసి వచ్చును. ‘ఎల్లప్పుడును సరియే’ అని బొంకవలెను, లేదా ‘ఈ పని నాకు చేతకాదు’ అని ప్రోగ్రామును మధ్యలో ఆపవలెను. జావా గ్రంథాలయమునందే ఇట్టిది కలదు. 1998లో వెలువడిన 1.2వ సంచికనుండి ఉన్న లిస్ట్ అను ఇంటర్‌ఫేస్‌లో వస్తువులను చేర్చు క్రియ యున్నది. మార్పరాని పట్టికలు కూడ ఆ ఇంటర్‌ఫేస్‌నే నెరవేర్చుచు, చేర్చుమని అడిగినప్పుడు చేతకాదను దోషసూచనను ఎత్తుచున్నవి. నిర్మాతలు తెలిసియే ఇట్లు చేసిరి. ఇంటర్‌ఫేసుల సంఖ్య పెరుగకుండుటకు వారు చెల్లించిన మూల్యమిది. ఛందస్సు విషయమున ఆ మూల్యము చెల్లింపనక్కరలేదు. యతి కొకటి, ప్రాస కొకటి, పాదపరీక్ష కొకటి చొప్పున మూడు చిన్న ఇంటర్‌ఫేసులు ఉంచుట మేలు.

ఇంటర్‌ఫేస్‌యొక్క అసలు ప్రయోజనము దానిని నెరవేర్చు క్లాసులో కనబడదు, వాడుకొను క్లాసులో కనబడును. సీసపద్యము దీనికి చక్కని నిదర్శనము. సీసమునకు నాలుగు పాదముల తరువాత ఎత్తుగీతి ఉండవలెను. అది తేటగీతి కావచ్చును, ఆటవెలది కావచ్చును. సీసమను క్లాసు లోపల ‘ఇక్కడ తేటగీతి ఉండును’ అని వ్రాసినచో ఆటవెలదితో ముగిసిన సీసములన్నియు తప్పుగా తేలును. రెండింటికి రెండు చోటులు ఉంచినచో ప్రతి పరీక్షయందును ‘ఇది యా? అది యా?’ అను ప్రశ్న పునరుక్తమగును. ‘ఎత్తుగీతి’ అను ఇంటర్‌ఫేస్‌ను నిర్మించి, తేటగీతి ఆటవెలదులు రెండును దానిని నెరవేర్చునట్లు చేసి, సీసములో ఆ ఇంటర్‌ఫేస్ పేరుతో ఒక చోటు ఉంచినచో చిక్కు తీరును. సీసము తన గీతిని ‘నీ పాదములు సరిగా ఉన్నవా?’ అని మాత్రము అడుగును. అది ఏ గీతియో దానికి అక్కరలేదు.

ఈ ఏర్పాటును పాణినీయమునందలి స్థానివద్భావముతో పోల్చుట అసంగతము కాదు. స్థానియొక్క స్థానమున వచ్చిన ఆదేశము స్థాని వంటిదే యగునని, అల్విధియందు మాత్రము అట్లు కాదని ప్రథమాధ్యాయ ప్రథమపాదమునందలి 56వ సూత్రము విధించుచున్నది. అస్ ధాతువునకు ఆర్ధధాతుక విషయమున వచ్చు భూ ఆదేశము ధాతుసంజ్ఞను పొందుచున్నది గాన ధాతువునకు చెప్పిన ప్రత్యయములు దానికి వచ్చుచున్నవి. కాని దివ్ శబ్దమునందలి వకారమునకు ఔకారము వచ్చినప్పుడు, దానిని హల్లుగా భావించి సుప్రత్యయమునకు లోపము చేయరాదు; కనుకనే ద్యౌః అని విసర్గాంతరూపము నిలిచినది. స్థానియొక్క వ్యవహారమును ఆశ్రయించు విధికి ఆదేశము చాలును, స్థానియొక్క వర్ణమునే ఆశ్రయించు విధికి చాలదు. ఇంటర్‌ఫేస్ విషయమునను ఇంతే. సీసము తన గీతిని క్రియల ద్వారా మాత్రము అడుగునంతవరకు ఏ గీతియైనను చెల్లును. గీతి లోపలికి తొంగిచూచి ‘నీ మొదటి గణము సూర్యగణము, రెండవది ఇంద్రగణము కదా’ అని ఊహించి పని చేసినచో ఆటవెలది వచ్చిననాడు ప్రోగ్రాము చెడును. అట్టి తొంగిచూపును అల్విధి యని పిలిచినను తప్పు లేదు.

సంజ్ఞల విషయమునను ఒక పోలిక కలదు. తవ్య అను ఒకే ప్రత్యయమునకు కృత్, కృత్య, ఆర్ధధాతుక సంజ్ఞలు మూడును కలిసి వర్తించును. ఒక క్లాసు అనేక ఇంటర్‌ఫేసులను నెరవేర్చుట ఇట్టిది. ప్రథమాధ్యాయ చతుర్థపాదారంభమునుండి ద్వితీయాధ్యాయ ద్వితీయపాదాంతమువరకు మాత్రము ఒకదానికి ఒకే సంజ్ఞ యను అధికారము నడచును. ఒక క్లాసునకు ఒకే తల్లి యను నియమము దీనిని తలపించును. అయినను పోలికను ఇంతకు మించి లాగరాదు. సంజ్ఞ కార్యమును తెచ్చిపెట్టును. సంజ్ఞ కలిగినదానికి విధులు తామే వచ్చి చేరును. ఇంటర్‌ఫేస్ ఏమియు తెచ్చిపెట్టదు, సామర్థ్యమును కోరును. 1985లో రిక్ బ్రిగ్స్ ఏఐ మ్యాగజైన్ అను పత్రికలో సంస్కృత శాబ్దబోధ పద్ధతిని కృత్రిమమేధయందలి జ్ఞాననిరూపణ పద్ధతితో పోల్చి వ్రాసిన వ్యాసము ఆధారముగా, కంప్యూటరునకు సంస్కృతమే ఉత్తమభాష యను మాట సభలలో నేటికిని వినబడుచున్నది. ఆ వ్యాసము ప్రోగ్రామింగు భాషలను గూర్చినది కాదు. పాణిని గొప్పతనమునకు ఇట్టి ఊతకఱ్ఱ అవసరమును లేదు.

ఇంటర్‌ఫేస్‌తో వచ్చు కష్టములును చెప్పవలెను. ప్రాసపరీక్ష వృత్తమునకును కందమునకును ఒకటే. ఇంటర్‌ఫేస్ క్రియను చెప్పునే కాని చేయుమార్గమును ఇవ్వదు గాన, అదే ప్రక్రియను రెండు క్లాసులలోను వ్రాయవలసి వచ్చును. ప్రాసపరీక్షకు వేరొక చిన్న క్లాసు నిర్మించి ఇరువురును దానికి పని అప్పగించుట దీనికి పాత మందు, నేటికిని మంచి మందే. రెండవ కష్టము పెద్దది. ఇంటర్‌ఫేస్‌ను లోకమునకు ప్రకటించి పదిమంది దానిని నెరవేర్చు క్లాసులు వ్రాసికొన్న పిమ్మట దానికి ఒక క్రొత్త క్రియను చేర్చినచో ఆ పదిమంది క్లాసులును ఒక్కసారిగా అసంపూర్ణములగును. మొదట చూపిన ‘యతిస్థానము’ను సంఖ్యనుండి పట్టికకు మార్చుట ఇట్టి ఉపద్రవమే. సూత్రమును మార్చినచో వృత్తిగ్రంథములన్నియు మార్పవలసి వచ్చినట్లు అగును.

ఈ బాధను కొంత తగ్గించుటకు 2014 మార్చి నెలలో వెలువడిన జావా 8లో ఇంటర్‌ఫేస్‌లోని క్రియకు ఒక సామాన్యప్రక్రియను అందే వ్రాయుటకు అనుమతి ఇయ్యబడినది. క్లాసు తానుగా ఏమియు వ్రాయనిచో అది వర్తించును. సి-షార్ప్ భాష 2019లో తన 8వ సంచికయందు ఇట్టి అనుమతినే ఇచ్చినది. దీనితో పాత తగవు మరల తలయెత్తినది. 1989నాటి సి-ప్లస్‌ప్లస్ రెండవ సంచికయందు ఒక క్లాసునకు అనేకులైన తల్లులను అనుమతించినప్పుడు, ఇద్దరు తల్లులు ఒకే క్రియను రెండు విధములుగా చెప్పినచో ఏది గ్రహింపవలెనను ప్రశ్న పుట్టినది. ఇంటర్‌ఫేసులలో ప్రక్రియయే లేనంతకాలము జావాలో ఆ ప్రశ్న లేదు. ఇప్పుడు రెండు ఇంటర్‌ఫేసులు ఒకే పేరుగల క్రియకు వేర్వేరు సామాన్యప్రక్రియలను ఇచ్చినచో ఏమగును? తల్లి క్లాసులో ఆ క్రియ ఉన్నచో అది ఇంటర్‌ఫేస్‌లోనిదానిని బాధించును. ఒక ఇంటర్‌ఫేస్ మరియొకదానికి విశేషరూపమైనచో విశేషము సామాన్యమును బాధించును. రెండును తుల్యబలములైనచో పరమైనదానికి జయమని పాణినీయులు చెప్పుదురు. వరుసను బట్టి నిర్ణయించు పైథాన్ భాష 2003నుండి అనుసరించు పద్ధతి కొంత అట్టిదే, కాని అందు ముందు చెప్పబడినదానికి జయము. జావా రెండింటిని గ్రహింపక, కంపైలర్ చేత ప్రోగ్రామును నిలిపివేయించి, క్లాసు వ్రాసినవానినే నిర్ణయింపుమనును. లక్షణవిరోధమును యంత్రమునకు విడువక కర్తచేతనే తీర్పించుట పరిష్కరణకార్యమునకు అనుకూలమైన పద్ధతి.

యతిస్థానము తెలిసిన తరువాత ఆ రెండు అక్షరములకు మైత్రి కలదా యను ప్రశ్న మిగులును. ఇది స్థాననిర్ణయము కంటె కఠినమైనది, లాక్షణికులలో అభిప్రాయభేదములు కలది. కవిజనాశ్రయము ననుసరించి పరీక్షింపవలెనా, అప్పకవీయము ననుసరించి పరీక్షింపవలెనా అను నిర్ణయము పరిష్కర్తది. అతడు పరిష్కరించు కావ్యముయొక్క కాలమును బట్టి అది మారును. కావున యతిమైత్రిని వృత్తమను క్లాసు లోపల వ్రాయుట తగదు. ‘మైత్రినిర్ణయము’ అను ఇంటర్‌ఫేస్‌ను నిర్మించి, ఒక్కొక్క లాక్షణికుని మతమునకు ఒక్కొక్క క్లాసు వ్రాసి, కావలసినదానిని బయటినుండి అందింపవలెను. జావాలో వస్తువులను వరుసలో పెట్టుటకు కంపేరబుల్, కంపేరేటర్ అను రెండు ఇంటర్‌ఫేసులు ఉన్నవి. మొదటిది వస్తువే తన వరుసను చెప్పుకొనుటకు, రెండవది బయటివాడు వరుసను నిర్ణయించుటకు. పదసూచికలను కూర్చువారు పూర్ణబిందువును అచ్చుల చివర చేర్తురా, అనునాసికముగా పరిగణింతురా అను భేదము కూడ ఈ రెండవదానితోనే తీరును. యూనికోడ్ పట్టికలో పూర్ణబిందువు అకారమునకు ముందే ఉన్నది. ఆ సంఖ్యలనే నమ్మి వరుస పెట్టిన సూచిక నిఘంటుక్రమమునకు సరిపడదు.

ఏ క్లాసు ఏ ఇంటర్‌ఫేస్‌ను నెరవేర్చుచున్నదో ప్రకటింపవలెనా అను విషయమున భాషలు ఏకాభిప్రాయముతో లేవు. జావాలో ప్రకటన తప్పనిసరి. 2009లో గూగుల్ సంస్థ వెల్లడించిన గో భాషలో ప్రకటన లేదు. కావలసిన క్రియలన్నియు ఉన్నచో ఆ రకము ఆ ఇంటర్‌ఫేస్‌నకు చెందినట్లే. గణపాఠమునందు పేర్లు పఠింపబడి నిలిచిన గణములు కొన్ని, రూపమును బట్టి గుర్తింపదగిన ఆకృతిగణములు కొన్ని ఉన్నట్లు ఇక్కడను రెండు మార్గములు. గో మార్గమున ఆకస్మికముగా పేరు కలిసిన క్రియ కూడ అర్హతగా పరిగణింపబడు అపాయము కలదు. జావాలో 2021నాటి 17వ సంచికనుండి మూడవ మార్గమును వచ్చినది. ఈ ఇంటర్‌ఫేస్‌ను నెరవేర్చదగిన క్లాసులు ఇవియే, ఇతరములు కారాదని ముందుగనే పేర్లతో ముద్ర వేయవచ్చును. వృత్తముల సంఖ్యకు హద్దు లేదు. ప్రస్తారమున లక్షలుగా పుట్టుచుండును. వానికి సంబంధించిన ఇంటర్‌ఫేస్ తెరచియే ఉండవలెను. ‘ఎత్తుగీతి’ యను ఇంటర్‌ఫేస్‌కు మాత్రము తేటగీతి, ఆటవెలది అను రెండు పేర్లతో ముద్ర వేయవచ్చును. అప్పుడు సీసము తరువాత పొరపాటున కందమును చేర్చిన ప్రోగ్రామును కంపైలరే నిలిపివేయును.